చలికాలంలో మౌంటెన్ బైకింగ్: పాదాలు వెచ్చగా, పొడిగా ఉండాలంటే – తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలవగానే బైకర్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న సాక్సుల గురించే ఉంటుంది. ఇంతకంటే మందపాటివి దొరుకుతాయా, ఏ రకం కొనాలి అని. చాలాసార్లు తప్పు సాక్సులది కాదు. అవి పట్టనంత ఇరుకుగా ఉన్న షూది, ముందు చక్రానికి లేని మడ్‌గార్డ్‌ది, ఒక్కోసారి మోకాళ్లు బయటపెట్టుకుని తిరిగే మనిషిది. అందుకే ఈ పేజీలో సాక్సులకు ఎంత చోటు ఇవ్వాలో అంతే ఇచ్చాను.

ఒళ్లంతా చెమట పడుతుంటే కాళ్లు మాత్రం ఎందుకు గడ్డకడతాయి?

నడిచేటప్పుడు అడుగడుగుకీ పాదం వంగుతుంది, వేళ్లు నేలను నెడతాయి, ఆ కదలికతో రక్తం ఆడుతుంది. సైకిల్ మీద కష్టమంతా తొడలది, పిక్కలది. పాదం మాత్రం గట్టి సోల్ మీద చెక్కపలకలా పడి ఉంటుంది. దిగుడులో అయితే ఇంకా ఘోరం. ఎక్కేటప్పుడు పుట్టిన చెమట లోపల అలాగే ఉంటుంది, పెడల్ తిప్పే పని ఉండదు, ఎదురుగాలి మాత్రం రెట్టింపవుతుంది.

గాలి అస్సలు లేని రోజైనా మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ గాలి మీరే పుట్టిస్తున్నారు. సున్నా డిగ్రీల్లో ఆ వేగానికి, బట్ట కప్పని చర్మానికి మైనస్ 5 డిగ్రీలంత చలి తగులుతుంది. ఎండాకాలం షూకి ముందువైపు ఉండే జాలీ గుడ్డ ఆ గాలిని ఆపదు.

ఇక శరీరం లెక్క వేరే ఉంటుంది. గుండె, మెదడు, పొట్టలోని అవయవాలు చల్లబడకూడదు. అందుకని ఒంట్లో వేడి తగ్గుతోందనిపించగానే కాళ్లూ చేతుల చివర్లకి వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి. వేళ్లకి వేడిని మోసుకొచ్చేదే రక్తం. అది రాకపోతే ఎంత మంచి సాక్సయినా చేసేదేమీ లేదు. సాక్సు వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే.

రెండు జతల సాక్సులు వేసుకుంటే సరిపోదా?

షూలో చోటుంటే సరిపోతుంది. సాధారణంగా ఉండదు. నేను చూసిన పొరపాట్లలో ఇదే మొదటిది, నేనూ చేశాను. మొదటి చలికాలంలో, మామూలుగా సరిపోయే షూలోకి రెండు జతల ఉన్ని సాక్సులు కుక్కి, స్ట్రాపులు బిగించి, హాయిగా బయల్దేరాను. అరగంటకే వేళ్లు పోయాయి. ఇంటికొచ్చి సాక్సు విప్పితే దాని అల్లిక అచ్చు పాదం మీద గళ్లు గళ్లుగా పడి ఉంది. బొటనవేలు తెల్లగా ఉంది. నొక్కితే నొక్కిన చోట గుంట అలాగే నిలిచిపోయి, చాలాసేపటికి గానీ రంగు తిరిగి రాలేదు. మరుసటి వారం అదే చలిలో, అదే షూలో, ఒక్క జత పల్చటి సాక్సుతో వెళ్తే నయమనిపించింది.

కారణం రెండు రకాలు. బిగుతు వల్ల రక్తం ఆడదు. అది సరే. రెండోది జనం మర్చిపోయేది: వెచ్చదనం ఉండేది ఉన్నిలో కాదు, ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలిలో. నొక్కిపెడితే ఆ గాలి బయటికి పోతుంది, మిగిలేది అణిగిన గుడ్డ. రజాయిని మడిచి దాని మీద కూర్చుని చలి పోవాలంటే ఎలా?

అందుకని చలికాలం షూ మామూలు సైజు కంటే అర సైజో, ఒక సైజో పెద్దది తీసుకోండి. చలికాలం సాక్సు వేసుకునే షూ వేసి చూడండి. సాయంత్రం పూట పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి ఆ వేళకి చూడటం ఇంకా మంచిది. లేసులు కట్టాక ఐదు వేళ్లూ హార్మోనియం మెట్లు నొక్కినట్టు విడివిడిగా ఆడాలి. ఆడకపోతే ఆ షూ ఎంత ఖరీదైనదైనా చలికి పనికిరాదు. స్ట్రాపులు, డయల్ ఉన్న షూలయితే దిగుడుకి ముందు బిగించి, ఎక్కేటప్పుడు ఒక పిసరు వదలడం అలవాటు చేసుకోండి.

సరే, మరి ఏ సాక్సు?

నూలు వద్దు. నూలు నీళ్లు పీల్చుకుని పట్టుకుని కూర్చుంటుంది, ఆరదు. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి తడిసిన నూలు సాక్సుకీ ఒట్టి పాదానికీ పెద్ద తేడా ఉండదు.

మెరినో ఉన్ని మంచిది. ఆ ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి పీల్చుకుని కూడా చర్మానికి తడిగా తగలదు, వాసనా తక్కువ. వందకి వంద ఉన్ని ఉన్నదాని కంటే కొంత నైలాన్ కలిసినదే ఎక్కువ కాలం నిలుస్తుంది, మడమ దగ్గర చిరగదు. ఎత్తు చీలమండ దాటి పిక్క దాకా ఉండాలి. పాదానికి వెళ్లే రక్తం చీలమండ మీదుగానే వెళ్తుంది కదా, ఎముకకి దగ్గరగా చర్మం కిందే ఉండే నాళాలు అవి. అక్కడ రెండు అంగుళాల చర్మం గాలికి వదిలేసి వేళ్లకి మాత్రం దుప్పటి కప్పితే ఏం లాభం?

వానలో, బురదలో వాటర్‌ప్రూఫ్ షూ కొనాలా, వాటర్‌ప్రూఫ్ సాక్సులా, ఓవర్‌షూనా?

మూడూ ఒక్కలా పనిచేయవు. ఎలా పాడవుతాయో తెలిస్తే ఏది కొనాలో తేలుతుంది.

వాటర్‌ప్రూఫ్ షూ లోపల పొరలా ఒక మెంబ్రేన్ ఉంటుంది. వీటిలో ఎక్కువమందికి తెలిసింది గోర్‌టెక్స్. 1969లో బాబ్ గోర్ వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీని నెమ్మదిగా కాకుండా గబుక్కున గుంజితే అది తెగకుండా సాగి, లోపల కంటికి కనపడనంత చిన్న రంధ్రాలు ఏర్పడ్డాయి. నీటి చుక్క పట్టదు, చెమట ఆవిరి మాత్రం దూరిపోతుంది. షూ పైగుడ్డ పూర్తిగా నానిపోతే ఆ ఆవిరి కూడా బయటికి పోలేదు, లోపల చెమటతో తడుస్తుంది. షూ కారుతోందని చాలామంది అనుకునేది ఇదే.

వీటి అసలు బలహీనత పైన ఉంది. కాలు వెంట జారే వాన నీళ్లు, టైట్స్ పీల్చుకున్న నీళ్లు నేరుగా షూ నోట్లోకి దిగుతాయి. ఒకసారి దిగాక బయటికి పోయే దారి లేదు. బకెట్‌లో కాలు పెట్టి తొక్కినట్టే. అందుకని వాటర్‌ప్రూఫ్ షూ కొంటే అది చీలమండ పైదాకా వచ్చి, అంచు దగ్గర బిగుసుకునేదై ఉండాలి. వాన ప్యాంటు ఆ అంచు బయట నుంచి కిందికి దిగాలి. ప్యాంటుని షూలో దోపారా, చేతులారా పైపు బిగించినట్టే.

వాటర్‌ప్రూఫ్ సాక్సులు: బయట అల్లిక, మధ్యలో మెంబ్రేన్, లోపల ఉన్ని లాంటి మెత్తటి పొర. ఉన్న షూతోనే పనైపోతుంది. షూ తడిసినా ఫర్వాలేదు, పాదం పొడిగా ఉంటుంది. కానీ మామూలు సాక్సు కంటే మందం ఎక్కువ, సాగేది తక్కువ. పై ప్రశ్నలో చెప్పిన ఇరుకు సమస్య ఇక్కడా వస్తుంది. నా వరకు బురద రోజుల్లో నాకు బాగా పనికొచ్చింది ఇదే: ఒక సైజు పెద్ద షూ, లోపల వాటర్‌ప్రూఫ్ సాక్సు, దాని లోపల పల్చటి మెరినో.

ఓవర్‌షూ, అంటే షూ పైన వేసే తొడుగు, రోడ్డు సైకిల్ వాళ్లకి చాలా బాగుంటుంది. ట్రైల్ మీద సైకిల్ దిగి రాళ్ల మీద నడవక తప్పదు, రెండు నెలల్లో అడుగు చిరిగిపోతుంది. నియోప్రీన్ ఓవర్‌షూ నీళ్లని పూర్తిగా ఆపదు, తడిసినా వెచ్చగా ఉంచుతుంది. డైవింగ్ సూట్లు చేసేది కూడా దీనితోనే, ఆ రబ్బరు నురగలో బుడగలు బుడగలుగా గాలి ఉంటుంది. ఎక్కువ నడక లేని రైడ్‌కి, లేదా వేళ్ల వరకే కప్పే చిన్న తొడుగుగా, తీసుకోవచ్చు.

మడ్‌గార్డ్‌కీ కాళ్లకీ ఏం సంబంధం?

వాన రోజు ముందు చక్రం వెనక నుంచి చూడండి. టైరు పైకి లేపిన నీళ్లు సూటిగా కింది గొట్టం మీదికి, మీ షూల మీదికి వస్తాయి. పై నుంచి పడే వాన కంటే ఇదే ఎక్కువ. ఫోర్క్ కింద కట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క ముఖాన్ని కాపాడుతుంది, కాళ్లని కాదు. చక్రం వెనకవైపు కిందిదాకా దిగే పొడవు మడ్‌గార్డ్ కావాలి. దాని చివర పాత ట్యూబ్ ముక్క ఒకటి జిప్ టైలతో వేలాడదీయండి, చూడటానికి బాగుండదు, పాదాలు మాత్రం సగం తక్కువగా తడుస్తాయి.

ఇంత చవకైన పరిష్కారాన్ని జనం ఆఖర్న ప్రయత్నిస్తారు.

నాది క్లీట్ల షూ, అంటే అడుగున పెడల్‌కి బిగుసుకునే లోహపు ముక్క ఉన్నది. చలి అడుగు నుంచి ఎక్కుతున్నట్టుంది. నిజమేనా?

నిజమే. క్లీట్ స్టీలు, దాన్ని పట్టే ప్లేటు స్టీలు, పెడల్ కూడా లోహమే. పాదం ముందు భాగం కింద, సరిగ్గా వేళ్ల మొదట్లో, వేడిని లాగేసే దారి ఒకటి తెరిచి ఉన్నట్టు. పైగా క్లీట్ ముందుకీ వెనక్కీ జరగడానికి సోల్‌లో పొడవాటి గాడులు ఉంటాయి. నీటి గుంటలో నుంచి వెళ్తే నీళ్లు అక్కడి నుంచే వస్తాయి.

షూ లోపలి ఇన్‌సోల్ బయటికి లాగితే ఆ గాడులు కనిపిస్తాయి. షూని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి, వెలుగు కనిపించిన చోటల్లా నీళ్లు రాగలవు. ఆ భాగాన్ని పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గాడుల మీద డక్ట్ టేప్ రెండు పొరలు అడ్డంగా, నిలువుగా అంటించి, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి. తడిగా ఉంటే టేప్ మొదటి రైడ్‌లోనే ముడతపడి లేచిపోతుంది. క్లీట్ స్క్రూలు బిగించేటప్పుడు కొంచెం గ్రీజు పెడితే అది కూడా నీళ్లని కొంత ఆపుతుంది, తుప్పు పట్టకుండా చూస్తుంది.

తర్వాత ఇన్‌సోల్. షూతో వచ్చే పల్చటి ఫోమ్ ముక్క బదులు ఫెల్ట్ లేదా ఉన్ని ఇన్‌సోల్ వేయండి. దానికి అడుగున వెండి రంగు పొర ఉండటం గొప్ప అని చెప్తారు. అలాంటి రేకు వేడిని తిప్పికొట్టాలంటే దాని ముందు గాలి ఖాళీ ఉండాలి. అరికాలి కింద బరువుతో నలిగే చోట ఆ ఖాళీ ఎక్కడిది? పనిచేసేది మందమే, మెరుపు కాదు. మందం పెరిగితే షూ ఇరుకవుతుంది, అది మాత్రం మర్చిపోవద్దు.

చలికాలానికి ఫ్లాట్ పెడల్స్‌కి, అంటే క్లీట్ అక్కర్లేని మామూలు పెడల్స్‌కి, మారితే మంచిదా?

నేనైతే మారతాను. అడుగున లోహం ఉండదు, సోల్‌లో గాడి ఉండదు. కాస్త వదులైన హైకింగ్ బూట్లు కూడా వేసుకోవచ్చు. పాదాన్ని అటూ ఇటూ జరపొచ్చు కాబట్టి రక్తమూ ఆడుతుంది. నైలాన్ పెడల్స్ అయితే అల్యూమినియం వాటి కంటే చల్లదనం తక్కువ. సోల్ మరీ గట్టిగా, లోతైన పళ్లతో ఉంటే పెడల్ పిన్నులు పట్టవు, అదొక్కటి చూసుకోండి. మంచులో క్లీట్ కింద మంచు గడ్డకట్టి అది పెడల్‌లో బిగుసుకోని తిప్పలు కూడా తప్పుతాయి.

క్లీట్లు వదలలేనివాళ్ల కోసం చలికాలం క్లీట్ బూట్లు చాలా కంపెనీలు చేస్తున్నాయి. ఏడాదిలో నాలుగు నెలలు తొక్కేవాళ్లకి కొనదగ్గవే.

సాక్సు మీద ప్లాస్టిక్ కవర్ వేసుకోమంటారు. పనిచేస్తుందా?

పనిచేస్తుంది, వరస తెలిస్తే. ముందు పల్చటి సాక్సు, దాని మీద ప్లాస్టిక్ సంచి, దాని మీద మందపాటి సాక్సు. పాదం చెమట పల్చటి సాక్సులోనే ఆగిపోతుంది, మందపాటిది పొడిగా ఉండి వెచ్చగా ఉంచుతుంది. బయటి నీళ్లు కూడా లోపలికి రావు. పాదం కొద్దిగా చెమ్మగా అనిపిస్తుంది కానీ చల్లగా అనిపించదు. మైనస్ డిగ్రీల్లో గంటల తరబడి తొక్కేవాళ్లు కావాలనే ఈ పద్ధతి వాడతారు. రోజూ వద్దు, చర్మం నాని మెత్తబడుతుంది. దారిలో ఇరుక్కున్నప్పుడు ఆదుకుంటుంది కాబట్టి రెండు సంచులు మడిచి బ్యాగులో పడేసుకోండి.

హీట్ ప్యాక్‌లు, బ్యాటరీ సాక్సులు?

చిన్న సంచిలా వచ్చే హీట్ ప్యాక్‌లో ఉండేది ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి, కొంచెం తేమ. గాలి తగిలితే ఇనుము తుప్పు పట్టడం మొదలై వేడి పుడుతుంది. గాలి ఆడని షూలో పెట్టి ‘పనిచేయలేదు’ అంటే దానిది తప్పు కాదు. షూ కోసమని ప్రత్యేకంగా చేసినవి తీసుకుని, పది పదిహేను నిమిషాల ముందే తెరిచి, వేడెక్కాక సాక్సు బయట, వేళ్ల మీద అంటించండి. ఒట్టి చర్మం మీద వద్దు, కాలుతుంది.

బ్యాటరీ సాక్సులు చలికి వేళ్లు తెల్లబడే జబ్బు ఉన్నవాళ్లకి నిజంగా వరం. మిగతావాళ్లకి నా సలహా, ముందు షూ సైజు సరిచేసుకోండి. చలిలో బ్యాటరీ తొందరగా దిగిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఈ రెండింటి జోలికీ డాక్టర్‌ని అడక్కుండా వెళ్లకూడదు. కాలుతున్నా తెలియదు.

ఎంత చలికి ఏం వేసుకోవాలి?

అంకె కంటే తడి ముఖ్యం. మైనస్ 8లో పొడి మంచు మీద తొక్కడం కంటే 2 డిగ్రీల్లో, వానలో, కరుగుతున్న మంచులో తొక్కడం కష్టం. మైనస్‌లో మంచు దులిపితే పోతుంది. 2 డిగ్రీల్లో అది నీళ్లై లోపలికి వస్తుంది.

పొడిగా ఉండి 8 నుంచి 12 డిగ్రీల మధ్య అయితే మెరినో సాక్సు, వేళ్ల తొడుగు చాలు. సున్నా నుంచి 7 వరకు, అందులోనూ తడి ఉంటే, పైన చెప్పిన హంగులన్నీ కావాలి. సున్నా కిందికి దిగితే చలికాలం బూట్లు. ఇవి నా లెక్కలు. మీ రక్తప్రసరణ, మీ వేగం, ఎంతసేపు బయట ఉంటారన్నది బట్టి అటూ ఇటూ మారతాయి.

పాదాలకి ఏం వేసుకున్నా, మోకాళ్లు కప్పుకోండి, హెల్మెట్ కింద పల్చటి టోపీ పెట్టుకోండి, ఛాతీకి గాలి తగలనివ్వకండి. ఒళ్లు వెచ్చగా ఉంటేనే కాళ్లకి రక్తం పంపడానికి శరీరం ఒప్పుకుంటుంది. ఖాళీ కడుపుతో బయల్దేరితే కూడా చలి ముందు కాళ్లకే తెలుస్తుంది.

దారిలో వాగు వస్తే?

చీలమండ దాటని లోతు, అడుగు కనిపిస్తుంటే పెడల్స్ సమంగా పెట్టి జారిపోవచ్చు. అంతకంటే లోతైతే దిగి, షూలూ సాక్సులూ విప్పి, సైకిల్‌ని ఊతకర్రలా పట్టుకుని దాటి, పాదాలు తుడుచుకుని మళ్లీ వేసుకోండి. ఐదు నిమిషాల బద్ధకానికి మిగతా రెండు గంటలూ తడి కాళ్లతో తొక్కాలి. నీటి అడుగున రాళ్లు పదునుగా ఉంటే సాక్సులు మాత్రమే విప్పి, ఒట్టి షూతో దాటి, నీళ్లు వంపేసి పొడి సాక్సులు వేసుకోవడం నయం. ప్రవాహం జోరుగా ఉంటే అసలు దాటవద్దు.

రైడ్ మధ్యలో వేళ్లు మొద్దుబారితే ఏం చేయాలి?

దిగండి. సైకిల్ తోసుకుంటూ ఎత్తు మీదికి ఐదు నిమిషాలు వేగంగా నడవండి, వీలైతే పరుగెత్తండి. నాకు తెలిసి ఇంత బాగా పనిచేసేది ఇంకొకటి లేదు. స్ట్రాపులు వదులు చేయండి. ఏదైనా పట్టుకుని కాలుని గంట లోలకంలా ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపితే రక్తం వేళ్ల దాకా దిగుతుంది. పొడి సాక్సులు ఉంటే మార్చండి. ఏదో ఒకటి తినండి.

చలి లేని రోజున కూడా తిమ్మిరెక్కుతుంటే అది చలి సమస్య కాదు. క్లీట్ మరీ ముందుకి ఉందేమో, స్ట్రాపు నరం మీద నొక్కుతోందేమో చూడండి.

ఎప్పుడు ప్రమాదం అనుకోవాలి?

నొప్పి ఉన్నంతసేపు ఒక లెక్క. నొప్పి ఉన్నట్టుండి మాయమై, చర్మం తెల్లగానో బూడిదరంగులోనో మైనంలా గట్టిగా తగిలితే అది ఫ్రాస్ట్‌బైట్ కావచ్చు. రుద్దకండి, మంచుతో అసలు రుద్దకండి. మంట దగ్గర, హీటర్ దగ్గర పెట్టకండి. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ముంచాలి. నీళ్ల వేడి ఆ కాలితో కాదు, వేరేవాళ్లు చేత్తో చూడాలి. తర్వాత నేరుగా ఆసుపత్రికి.

గడ్డకట్టే చలి లేకపోయినా గంటల తరబడి తడిగా, చల్లగా ఉన్న పాదం దెబ్బతింటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నిలబడ్డ సైనికులకి వచ్చి ‘ట్రెంచ్ ఫుట్’ అన్న పేరు తెచ్చుకున్నది అదే. ఒక్క పూట రైడ్‌తో రావడం అరుదు. రోజుల తరబడి సాగే యాత్రల్లో మాత్రం రాత్రి నిద్రకి ఒక జత పొడి సాక్సులు విడిగా దాచుకోండి, పగలు ఎంత ఆశ పుట్టినా వాటిని ముట్టుకోకండి.

ఇంటికొచ్చాక వేళ్లు ఎర్రగా ఉబ్బి దురద పెడుతున్నాయి. ఏమిటిది?

చల్లటి పాదాన్ని ఒక్కసారిగా వేడి నీళ్లలో పెడితే వచ్చే చిల్‌బ్లెయిన్స్ కావచ్చు. కొద్ది రోజులు దురద, మంట ఉండి సాధారణంగా వాటంతట అవే తగ్గుతాయి. ఈసారి నుంచి పొడి సాక్సులు వేసుకుని నెమ్మదిగా వేడెక్కనివ్వండి. పుండు పడినా, ప్రతి చలికాలం వస్తున్నా డాక్టర్‌కి చూపించండి. చిన్న చలికే వేళ్లు ముందు తెల్లగా, తర్వాత నీలంగా, ఆనక ఎర్రగా మారుతుంటే రేనాడ్స్ అనే సమస్య ఉందేమో అడగండి. సిగరెట్ తాగేవాళ్లకి ఇవన్నీ ఎక్కువ, నికోటిన్ రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది.

తడిసిన షూలు మర్నాటికి ఎలా ఆరతాయి?

ముందు నేను ఏం చేశానో చెప్తాను. ఒక రాత్రి తొందరలో రెండు షూలూ హీటర్‌కి జానెడు దూరంలో పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి బాగా ఆరాయి. ఒక షూ సోల్ ముందువైపు మొసలి నోరులా తెరుచుకుని ఉంది, జిగురు కరిగిపోయింది. రెండోది బిగదీసుకుపోయి కాలే పట్టలేదు.

వచ్చిన వెంటనే, బురద ఎండకముందే, పైపైన కడిగేయండి. లేసులు పూర్తిగా వదులు చేసి నాలుక ముందుకి లాగండి, ఇన్‌సోల్ తీసి విడిగా నిలబెట్టండి. పాత న్యూస్‌పేపర్ కాగితాలు ఉండలు చుట్టి వేళ్ల దాకా కూరండి, మరీ కుక్కకండి. గంట తర్వాత తీస్తే ఆ ఉండ బరువుగా, పిండితే చెమ్మ తగిలేలా ఉంటుంది. తీసేసి కొత్తవి పెట్టండి. పడుకునే ముందు ఇంకోసారి మార్చి, ఫ్యాన్ గాలి షూ నోటికి తగిలేలా పక్కకి పడుకోబెట్టండి. మెంబ్రేన్ ఉన్న షూలు దీనికీ లొంగవు, రెండు రోజులు పడుతుంది. వారానికి రెండుసార్లు తొక్కేవాళ్లు రెండు జతలు పెట్టుకోవడం అందుకే.

వాటర్‌ప్రూఫ్ సాక్సుల్ని కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లో వేయకండి, మెంబ్రేన్ రంధ్రాలు పూడిపోతాయి. లోపలివైపు బయటికి తిప్పి చల్లటి నీళ్లతో ఉతికి, పిండకుండా నీడలో వేయండి. పైపొర ఆరాక మళ్లీ తిప్పి ఆరేయాలి. బయట చేత్తో తాకితే ఆరినట్టే ఉంటుంది, లోపల బొటనవేలి దగ్గర మాత్రం ఇంకా తడి ఉంటుంది.